భిస్తీ వేషం వేసిన లెక్కల ఉపాధ్యాయుడు

నాటక నిర్వహణ బాధ్యతను కళాశాల కమిటీ వారు మాకు అప్పగించినప్పుడు, లెక్కలు చెప్పుకొనే వారికి నాటకాలతో పని ఏమిటని మిత్రులు పరిహాసం చేశారు. వారి పరిహాసంలో కొంత న్యాయం ఉన్నదని మాకు కూడా తోచింది. అయినను పెద్దలు చెప్పిన మాట కాదనలేక ఒప్పుకొన్నాము. ఆ ఒప్పుకోలు ఫలితమే ఈ వ్యాసం.

మన కళాశాలలో వార్షికోత్సవం నాడు ఒక ఉర్దూ నాటకం, ఒక తెలుగు నాటకం ప్రదర్శించడం ఆనవాయితీ. ఆ సంవత్సరం తెలుగు నాటకానికి ఒక దేవిడీ కథను ఎన్నుకొన్నాము. అందులో పాత్రలు ఆరు. మొదటి ఐదింటికి పోటీ తీవ్రంగా జరిగింది. ఆరవది నౌకరు పాత్ర. పళ్ళెం పట్టుకొని వస్తాడు, రెండు సార్లు సలాం చేస్తాడు, నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోతాడు. ఆ నాలుగు మాటలు కూడా వచ్చీరాని తెలుగులో ఉంటాయి. రెండు భాషలూ స్పష్టంగా పలుకగల ఒక ద్వితీయ సంవత్సరం విద్యార్థిని పిలిచి ఆ కాగితం చేతికిచ్చాము. అతడు నిలబడే చదివి, మడత పెట్టి తిరిగి ఇచ్చివేశాడు.

"సార్, తెలుగు నాటకాల్లో మనవాడు వస్తే అత్తరు అమ్మడానికి వస్తాడు, లేకపోతే పళ్ళెం మోయడానికి వస్తాడు. వాడి తెలుగు విని జనం నవ్వుతారు. ఆ నవ్వు మన కాలేజీ హాల్లో కూడా వినాలా సార్?" అన్నాడు.

పాత్ర చిన్నదైనా చేసేవాడు గొప్పవాడైతే చాలునని, అందరూ చెప్పే మాటనే మేమూ చెప్పాము. అతడు మర్యాదగా చిరునవ్వు నవ్వి, సలాం చేసి వెళ్ళిపోయాడు. తరగతిలో తప్పు లెక్క చేసిన ఉపాధ్యాయుణ్ణి చూసి, చెప్పడానికి మొహమాటపడే మంచి విద్యార్థి నవ్వే నవ్వు అది. ఆ నవ్వు చాలాకాలం మమ్ములను వదలలేదు.

కొన్ని వారాల తరువాత ఒక రాత్రి ఇంటివద్ద 'గంగా దీన్' అనే పాత అమెరికన్ చిత్రాన్ని చూడడం తటస్థించింది. జార్జ్ స్టీవెన్స్ దర్శకత్వంలో 1939లో విడుదలైన చిత్రమది. రడ్యార్డ్ కిప్లింగ్ 1890లో ప్రకటించిన ఒక గేయాన్ని ఆధారం చేసుకొని కల్పించిన కథ. మన వాయవ్య సరిహద్దున ముగ్గురు బ్రిటిష్ సార్జంట్లు చేసే సాహసాలే ఇతివృత్తం. కేరీ గ్రాంట్, విక్టర్ మెక్‌లాగ్లెన్, డగ్లస్ ఫేర్‌బ్యాంక్స్ జూనియర్ ఆ ముగ్గురు. వారి పటాలానికి తోలుతిత్తితో నీళ్ళు మోసే భిస్తీ పేరు గంగా దీన్. మన హిందూదేశమంతా కాలిఫోర్నియాలోని లోన్ పైన్ అనే ఊరి వద్ద కొండలలో తయారైనది. చిత్రం మాకు రుచించలేదు. కానీ భిస్తీ వేషం వేసిన బక్కపలుచని మనిషి మీదనుంచి చూపు మరలలేదు. చాటుగా ఒంటరిగా నిలబడి సైనికుని వలె కవాతు చేసుకొనే ఘట్టంలో, ఆ సన్నని భుజాలలో ఏదో నిజమైన ఆశ కనిపించింది. ఎవరీయన అని విచారించాము. పేరు సామ్ జాఫే. తరువాత తెలిసిన విషయం మమ్ములను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది. ఆయన నటుడు కాకపూర్వం లెక్కల ఉపాధ్యాయుడు.

జాఫే 1891 మార్చి 10వ తేదీన న్యూయార్క్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు నాటి రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన యూదులు. తల్లి ఒడెస్సా నగరంలో యిద్దిష్ భాషా రంగస్థల నటి. యిద్దిష్ అంటే తూర్పు యూరపు యూదుల ఇంటి భాష. ఆ భాషా నాటకాలలో తల్లి వెంట బాలనటుడుగా రంగమెక్కిన కుర్రవాడు తరువాత చదువులో పడ్డాడు. న్యూయార్క్ సిటీ కాలేజీలో 1912లో పట్టం పుచ్చుకొన్నాడు. ఆ రోజులలో జీతం కట్టనవసరం లేని కళాశాల అది. ఇతర విశ్వవిద్యాలయాల తలుపులు సరిగా తెరుచుకోని వలస కుటుంబాల బిడ్డలు, ముఖ్యంగా యూదుల బిడ్డలు, అక్కడ చదివి పైకి వచ్చారు. మన కళాశాల వంటి సంస్థ ఎందుకు పుడుతుందో తెలిసిన మన విద్యార్థులకు ఈ సంగతి వివరించి చెప్పవలసిన పని లేదు. ఆపైన జాఫే బ్రాంక్స్ ప్రాంతంలోని ఒక విద్యాసంస్థలో గణితం బోధించి, ఆ శాఖకు అధిపతి కూడా అయ్యాడు. 1915లో సుద్దముక్క విడిచిపెట్టి వాషింగ్టన్ స్క్వేర్ ప్లేయర్స్ అనే నాటక సమాజంలో చేరాడు.

ఈయన కథానాయకుడుగా రాణించగల రూపం కలవాడు కాదు. పొట్టి, సన్నం, పెద్ద కళ్ళు, దువ్వెనకు లొంగని జుట్టు. అటువంటివారికి దక్కేవి గుణచిత్ర పాత్రలే. వాటితోనే ఆయన సుమారు డెబ్బై ఏళ్ళు బ్రతికాడు. మార్గం మాత్రం సుగమం కాదు. 1922 చివర షోలెమ్ ఆష్ రచించిన యిద్దిష్ నాటకం 'గాడ్ ఆఫ్ వెంజెన్స్' ఆంగ్లంలో ప్రదర్శితమైనప్పుడు ఆ బృందంలో ఈయన ఉన్నాడు. ఆ ప్రదర్శన అశ్లీలమని 1923లో నిర్మాత మీద, నటుల మీద అభియోగం మోపారు. జ్యూరీ వారిని దోషులుగా నిర్ణయించింది. 1925లో పై న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది. ఆ సంవత్సరమే 'ది జాజ్ సింగర్' నాటకంలో మరొక సహాయ పాత్ర.

1930లో ఆయన తలరాత మారింది. ఆస్ట్రియన్ రచయిత్రి వికీ బామ్ కథ ఆధారంగా బ్రాడ్‌వేలో 'గ్రాండ్ హోటల్' నాటకం వచ్చింది. అందులో క్రింగెలైన్ అనే పాత్ర ఒకటి. ఫ్యాక్టరీలో పద్దులు వ్రాసుకొనే గుమాస్తా. చావు దగ్గరపడిందని వైద్యులు చెప్పగా, జీవితమంతా కూడబెట్టిన సొమ్ము తీసుకొని, ఒక్కసారైనా గొప్పవారి వలె బ్రతికి చూద్దామని బెర్లిన్‌లోని అతి ఖరీదైన హోటలుకు వస్తాడు. అక్కడ తన యజమానిని ఎదుర్కొని, ఏళ్ళ తరబడి మింగుకొన్న మాటలు ఆయన ముఖం మీదనే అంటాడు. నాటకం ఏడాదికి పైగా ఆడింది. జాఫేకు గొప్ప పేరు వచ్చింది. కానీ 1932లో ఆ కథను చలనచిత్రంగా తీసినప్పుడు ఆ గుమాస్తా పాత్రను ఆయనకు ఇవ్వలేదు. అప్పటికే సినిమాలలో ప్రఖ్యాతుడైన లయొనెల్ బారీమోర్‌కు ఇచ్చారు. గుణచిత్ర నటుని బ్రతుకు ఇటువంటిది. పాత్రకు ప్రాణం పోసినవాడు ఒకడు, తెర మీద కనిపించేవాడు వేరొకడు.

చలనచిత్రాలలోనికి ఆయన 1934లో ప్రవేశించాడు. 'ది స్కార్లెట్ ఎంప్రెస్'లో మార్లీన్ డీట్రిక్ సరసన మతి చలించిన రష్యన్ రాకుమారుని పాత్ర. 1937లో ఫ్రాంక్ కాప్రా తీసిన 'లాస్ట్ హొరైజన్'లో రెండువందల ఏళ్ళు దాటిన మహాలామా పాత్ర. అప్పటికి ఆయన వయస్సు నలభై ఐదు. తొలుత చిత్రించిన దృశ్యాలు స్టూడియో అధిపతికి నచ్చక, వాల్టర్ కానొలీ అనే మరొక నటునితో మళ్ళీ తీయించారట. చివరకు తిరిగి జాఫేకే వచ్చి చేరింది ఆ పాత్ర. ఆ తరువాత గంగా దీన్. ఆ వేషానికి మొదట మైసూరులో పుట్టిన మన సాబూను అనుకొన్నారు. అతడు వేరొక నిర్మాత ఒప్పందంలో ఉండడంచేత కుదరలేదు. ఆ విధంగా మన దేశపు పదునాలుగేళ్ళ కుర్రవాడు చేయవలసిన వేషం న్యూయార్కు యూదుడైన నలభై ఏడేళ్ళ మాజీ గణితోపాధ్యాయునికి దక్కింది. ఒంటికి గోధుమరంగు పూసుకొని, నడుముకు గుడ్డ చుట్టుకొని, ఆయన భిస్తీ అయ్యాడు.

ఇక్కడ కొంచెం ఆగవలసి ఉన్నది. భిస్తీ అనే మాట ఉర్దూ చదివిన మన విద్యార్థులకు తెలిసినదే. పారశీకంలో బిహిష్త్ అంటే స్వర్గం. దాహం తీర్చేవాడు స్వర్గవాసితో సమానుడని మన పూర్వులు ఆ పేరు పెట్టారు. గంగా దీన్ అనే పేరు కూడా చిత్రమైనదే. ఉర్దూ చెవికి 'దీన్' అనగానే ధర్మం స్ఫురిస్తుంది. తెలుగు చెవికి దీనుడు స్ఫురిస్తాడు. చిత్రం తీసినవారు మాత్రం తెలుగు చెవితోనే విన్నట్లున్నది. వారి గంగా దీన్‌కు ఇల్లు లేదు, భార్యాబిడ్డలు లేరు, ఊరు లేదు. తన దొరల పటాలంలో సిపాయి కావాలన్నది ఒక్కటే కోరిక. చివరకు గాయపడి కూడా గోపురమెక్కి, బాకా ఊది, శత్రువుల ఉచ్చులో పడనున్న బ్రిటిష్ సైన్యాన్ని రక్షించి, అక్కడే మరణిస్తాడు. చచ్చిన తరువాత అతణ్ణి కార్పొరల్‌గా నియమిస్తారు. బ్రతికి ఉండగా ఇవ్వని యూనిఫారం అతని ఆత్మకు తొడిగి, సెల్యూట్ చేయించి, చిత్రం ముగిస్తారు.

మన దేశంలో ఈ చిత్రం పట్ల ఆగ్రహం వ్యక్తం కావడం సహజమే. బొంబాయి, బెంగాల్ రాష్ట్రాలలో దానిని నిషేధించారు. ఆ నిషేధం సబబేనా కాదా అన్నది వేరే చర్చ. ఆ కోపం మాత్రం సబబైనదే అని మా అభిప్రాయం. ఎదిరించే హిందూస్థానీయులందరూ హంతకులు, సేవించేవాడొక్కడే మంచివాడు అనే కథకు ఎంత గొప్ప నటన అద్దినా కథ మారదు. జాఫే నటనను మేము మెచ్చుకొన్నాము, ఇప్పటికీ మెచ్చుకొంటున్నాము. కానీ మా విద్యార్థితో మేము అన్న మాట అక్కడ నిలవలేదు. చేసేవాడు గొప్పవాడే. పాత్ర మాత్రం చిన్నదిగానే మిగిలిపోయింది.

మరి ఆ నటుడు స్వయంగా అవమానమెరుగని జాతివాడా? కాదు. 1947లో ఎలియా కజాన్ తీసిన 'జెంటిల్‌మన్స్ అగ్రిమెంట్' అనే చిత్రంలో ఆయన కొద్ది నిమిషాలు కనిపిస్తాడు. అమెరికన్ మర్యాదస్థుల ఇండ్లలో యూదుల పట్ల దాగి ఉన్న ద్వేషాన్ని బయటపెట్టిన చిత్రమది. జాఫే పాత్ర ఒక యూదు శాస్త్రవేత్త. ఒక విందులో నిలబడి తన జాతిని గూర్చి, తన నమ్మకాన్ని గూర్చి, చమత్కారంగా, తలవంచకుండా మాట్లాడుతాడు. పాత్ర నిడివిలో గంగా దీన్ కంటె ఎంతో చిన్నది. అయినా అక్కడ ఒక మనిషి నిలబడి ఉన్నాడని, అతనికి తనదంటూ ఒక ఆలోచన ఉన్నదని ప్రేక్షకునికి తెలుస్తుంది.

ఈ రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూసిననాడు మా లెక్కలో తప్పు ఎక్కడ ఉన్నదో కనిపించింది. పాత్రను మేము నిడివితోనూ, హోదాతోనూ కొలుస్తూ వచ్చాము. క్రింగెలైన్ కూడా సేవకుని వంటివాడే. ఒకరి క్రింద జీతగాడే. కానీ రచయిత్రి అతనికి ఒక కోరికను, ఒక భయాన్ని, ఒక ఎదురుమాటను ఇచ్చింది. గంగా దీన్‌కు రచయితలు ఇచ్చినది ఇతరుల కోరిక. మా విద్యార్థి నిరాకరించినది చిన్న పాత్రను కాదు, ఖాళీ పాత్రను. అతడు చెప్పినది అదే. మేము విన్నది వేరు.

జాఫే జీవితంలో దీని తరువాతి అధ్యాయం మరింత కఠినమైనది. 1950లో జాన్ హస్టన్ తీసిన 'ది యాస్ఫాల్ట్ జంగిల్'లో ఆయన ఒక వృద్ధ దొంగ వేషం వేశాడు. నగల దుకాణం దోపిడీకి ప్రతి అంకె సరిచూసి పథకం వేసే మనిషి. లెక్కల ఉపాధ్యాయుడు తప్ప మరొకరు ఆ పాత్రను అంత నిబ్బరంగా చేయలేరని మాకు అనిపించడం వృత్తి పక్షపాతం కావచ్చు. పారిపోయే దారిలో ఒక అమ్మాయి నాట్యం చేస్తుంటే చూస్తూ రెండు నిమిషాలు ఆలస్యం చేసి పట్టుబడతాడు. ఆ పాత్రకు వెనిస్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి లభించింది. ఆస్కార్ సహాయ నటుల జాబితాలో ఆయన పేరు చేరింది. ఆ 1950లోనే మరొక జాబితాలో కూడా చేరింది. 'రెడ్ చానెల్స్' అనే చిన్న పుస్తకంలో కమ్యూనిస్టు సానుభూతిపరులని అనుమానించి 151 మంది కళాకారుల, రచయితల, వార్తావ్యాఖ్యాతల పేర్లు అచ్చువేశారు. అందులో సామ్ జాఫే ఒకడు. న్యాయస్థానం లేదు, విచారణ లేదు. పేరు ఉంటే చాలు, పని పోయేది.

1951లో 'ది డే ది ఎర్త్ స్టూడ్ స్టిల్'లో ఒక శాస్త్రజ్ఞుని పాత్ర దక్కింది. ఆయనను వదులుకోరాదని చిత్ర నిర్మాత పట్టుపట్టడంవలన అది నిలిచింది. ఆ చిత్రంలో నల్లబల్ల నిండా ఆయన విడువలేని సమీకరణం ఒకటి ఉంటుంది. గ్రహాంతరవాసి వచ్చి దానిని సరిదిద్దుతాడు. ఆ తరువాత హాలీవుడ్ తలుపు మూసుకొన్నది. ఆరోహణ పూర్తి కావలసిన వయస్సులో, బహుమతి అందుకొన్న వెంటనే, అరవై ఏళ్ళ నటునికి తెర మీద చోటు లేకపోయింది. రంగస్థలం మాత్రం ఆయనను విడిచిపెట్టలేదు. 1954లో చెహోవ్ 'సీగల్' నాటకంలో మాంట్‌గొమరీ క్లిఫ్ట్ ప్రభృతులతో కలిసి నటించాడు. 1957లో ఫ్రెంచి చిత్రం ఒకటి, 1958లో హస్టన్ చిత్రం ఒకటి వచ్చాయి. 1959లో విలియం వైలర్ 'బెన్‌హర్'లో సైమనిడీస్ పాత్రకు పిలిచాడు. అది కూడా సేవకుని పాత్రే కావడం గమనార్హం. యజమాని ఆస్తి జాడ చెప్పనందుకు చిత్రహింసలు పొంది కాళ్ళు పోగొట్టుకొన్న సేవకుడు. కానీ ఈసారి సేవకునికి ఒక కుమార్తె ఉన్నది, ఒక గతం ఉన్నది, యజమాని ముందు చెప్పగల మాట ఉన్నది.

1961 నుంచి 1965 వరకు 'బెన్ కేసీ' అనే టెలివిజన్ ధారావాహికలో వృద్ధ వైద్యుడు జోర్బాగా ఆయన ఇంటింటికీ పరిచితుడైనాడు. ఆ ధారావాహిక ప్రారంభంలో ఒక చేయి సుద్దముక్కతో నల్లబల్ల మీద ఐదు గుర్తులు గీస్తుంది. స్త్రీ పురుషులకు, చావుపుట్టుకలకు నాలుగు గుర్తులు. ఐదవది మేము తరగతిలో రోజూ గీసే అనంతం గుర్తు. వాటిని చదివే కంఠం జాఫేది. నలభై ఐదేళ్ళ క్రితం వదలిన నల్లబల్ల వద్దకు తిరిగి వచ్చినట్లుగా మాకు తోచింది. 1984 మార్చి 24వ తేదీన, తొంభై మూడవ ఏట, బెవర్లీ హిల్స్‌లో ఆయన మరణించాడు.

ఆయన చేసిన మరొక పనిని కమిటీ పెద్దల దృష్టికి ప్రత్యేకంగా తేదలచినాము. 1943లో జార్జ్ ఫ్రీడ్లీ అనే గ్రంథాలయాధికారితో కలిసి జాఫే 'ఈక్విటీ లైబ్రరీ థియేటర్' అనే సంస్థను నెలకొల్పాడు. అవకాశాలు లేని నటులు నగరంలోని గ్రంథాలయ భవనాలలో నాటకాలు ఆడి, తమ ప్రతిభను నలుగురికీ చూపుకొనడానికి అది ఏర్పడింది. పాత్ర కోసం ఒకరి గుమ్మం ముందు వేచి ఉండడం ఎంత కష్టమో తెలిసినవాడు కనుక ఆ ఆలోచన ఆయనకు వచ్చి ఉంటుంది. మన గ్రంథాలయపు పెద్ద గది సాయంకాలం ఐదు తరువాత ఖాళీగానే ఉంటున్నది. నాటక సాధనకు ఆ గదిని వారానికి రెండు రోజులు ఇప్పించవలసిందిగా కమిటీ వారికి మా సవినయ విన్నపం.

ఇక మా విద్యార్థి సంగతి. ఆ సంవత్సరం నౌకరు లేకుండానే నాటకం ప్రదర్శించాము. పళ్ళేన్ని తెర వెనుక నుంచి అందించాము. ఈ ఏడు అదే నాటకాన్ని తిరిగి ఆడదలచి, సెలవులలో ఆ ఘట్టాన్ని మేమే తిరగవ్రాశాము. మేము రచయితలము కాము. అయినను నౌకరుకు మంచి తెలుగు ఇచ్చాము, మంచి ఉర్దూ ఇచ్చాము, యజమాని అడిగిన ప్రశ్నకు తలెత్తి చెప్పే ఒక సమాధానం ఇచ్చాము. ఆ కాగితాలు తీసుకొని, ఇప్పుడు తృతీయ సంవత్సరంలో ఉన్న ఆ విద్యార్థి వద్దకు మేమే వెళ్ళాము.

అతడు మునుపటివలెనే నిలబడి చదివాడు. ఈసారి మడత పెట్టలేదు. కొంతసేపు ఊరకుండి, "సార్, మిగతా ఐదుగురికీ పేర్లున్నాయి. ఇతని పేరేమిటి?" అని అడిగాడు.

చూస్తే, ఎన్ని సార్లు తిరగవ్రాసినా, ప్రతి మాటకు ముందూ 'నౌకరు' అనే వ్రాసి ఉన్నది. సెలవులన్నీ ఆ ఘట్టంతోనే గడిపిన మాకు ఆ లోపం కనిపించనేలేదు. జేబులోని కలం తీసి అతని చేతికి ఇచ్చాము. అతడు ఒక్కొక్కచోట 'నౌకరు' అనే మాటను కొట్టివేసి, పైన ఒక పేరు వ్రాసుకొంటూ పోయాడు. ఆ పేరు వార్షికోత్సవం నాడు, మిగిలిన ఐదు పేర్లతో సమానమైన అక్షరాలలో, కార్యక్రమ పత్రికలో అచ్చవుతుంది.